ఎండ సోకని చెర్రీ బల్ల

ప్రభుత్వ కార్యాలయాల్లో బల్లలూ కుర్చీలూ ఎలా ఉండాలో నిర్ణయించడానికి ప్రత్యేకంగా ఒక శాఖ ఉందని చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల ఎవరికీ నష్టమూ లేదు. ఆ శాఖ పేరు ఉపస్కర ప్రమాణాల శాఖ. దాని ప్రాంతీయ కార్యాలయం పెన్నగడ్డలో ఉంది. వేసవి వస్తే కాకులు కూడా కొళాయి కింద వరసలో నిలబడే ఊరది. ఆ కార్యాలయంలో చెక్క విభాగానికి సహాయ ఇంజనీరు చయనులు.

చయనులుది కోనసీమ. ఆయన భార్య హైమ అదే శాఖవారి రాజోలు ఉపకార్యాలయంలో గుమాస్తా. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఇక్కడ ఎండుతున్నాడు, ఆమె అక్కడ తడుస్తోంది. నెలకోసారి రెండో శనివారం కలుసుకుందామనుకుంటారు గానీ, ఆ శనివారం కాస్తా బస్సులకూ రైళ్లకూ సరిపోతుంది. అందుకని రాజోలుకు బదిలీ కోరుతూ చయనులు ఒక ఫైలు నడిపించాడు. అది ఎన్నో బల్లలు ఎక్కి దిగి, ఎన్నో సంతకాలు మోసుకుని, ప్రాంతీయ సంచాలకులు అహోబలరావు గారి ఆఖరి సంతకం కోసం వచ్చి ఆగింది.

సరిగ్గా అప్పుడే అహోబలరావు గారు విదేశీ అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారు.

వెళ్లేటప్పుడు ఆయన మామూలు మనిషే. తిరిగొచ్చాక మాత్రం నోరు విప్పితే చెర్రీ చెక్క. ఏదో దేశంలో ఒక పురపాలక భవనంలో ఆయన్ని చెర్రీ చెక్క బల్ల ముందు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారట. దాని మీద మోచేతులు ఆనించగానే తనలో పరిపాలనా సామర్థ్యం ఉబికి వచ్చినట్టు తోచిందట. ఆ సామర్థ్యం కాఫీ వల్ల వచ్చిందేమోనన్న అనుమానం ఆయనకు రాలేదు, మిగతావాళ్లకు వచ్చినా పైకి అనలేదు.

"టేకు మనల్ని గతానికి కట్టిపడేసింది. టేకు బల్ల ముందు కూర్చున్నవాడికి టేకు ఆలోచనలే వస్తాయి. నూతన పరిపాలనకు నూతన దారువు అవసరం," అని ఆయన సమావేశంలో ప్రకటించారు. అందరూ తమ ముందున్న టేకు బల్లను చిన్నచూపు చూశారు.

నమూనా పలక పట్టుకుని సరఫరాదారు వచ్చాడు. పలక లేత జామపండు గుజ్జు రంగులో ఉంది. పట్టు గుడ్డ తడిమినట్టు నున్నగా ఉంది. లెక్కల విభాగం పెద్దాయన దాన్ని కళ్లజోడు తీసీ పెట్టీ చూసి, బేకరీలో బన్ను మీద పెట్టే చెర్రీ ఎర్రగా నిగనిగలాడుతుంది కదా, ఇదేమిటి ఇలా పాలిపోయి ఉందని అడిగాడు.

"కొత్తలో ఇట్లే ఉంటాది సార్," అన్నాడు సరఫరాదారు. "వెలుతురు తగిలేకొద్దీ రంగు తిరుగుతాది. ఒక ఎండాకాలం పోనీండి, పాకం పట్టిన బెల్లం మాదిరి అయితాది. దీని గొప్పే అది."

అహోబలరావు గారు పరవశించిపోయారు. కాలంతోపాటు పరిణతి చెందే చెక్క అనే మాట అక్కడికక్కడే పుట్టించి, తీర్మానంలో రాయించారు. అందరూ చప్పట్లు కొట్టారు. చయనులు కూడా కొట్టాడు. ఆ చప్పట్ల సంగతి తర్వాత ఎవరికీ గుర్తులేకపోవడమే ఈ కథంతా.

పలకలు ఎంపిక చేసే బాధ్యత చయనులుకు అప్పగించారు. మనిషి మెతక గానీ, చెక్క దగ్గర మాత్రం రాజీ పడడు. బదిలీ విషయంలో రాజీ ఎలాగూ అలవాటైపోయింది. గోదాములో ఒక్కో పలకనూ తిప్పి తిప్పి చూశాడు. అంచున తెల్లచెక్క ఎక్కువున్నవి పక్కకు నెట్టాడు. నల్లటి బంక మచ్చలున్నవి బల్ల అడుగు భాగానికి పనికొస్తాయని విడిగా పెట్టాడు. పైభాగానికి కావలసినవన్నీ ఒకే దుంగలోంచి కోసిన చేవ పలకలుగా ఏరాడు, చారలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడిచివెళ్లేలా. ఆ పని చేస్తున్నంతసేపూ రాజోలు కూడా మరిచిపోయాడు.

అదే దుంగలోంచి ఒక ముక్క కోసి, నల్లగుడ్డలో చుట్టి, లక్క ముద్రలు వేసి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. దాన్ని ముద్రిత నమూనా అంటారు. సరఫరా అయిన వస్తువు ముద్రిత నమూనాను అన్ని విధాలా, అన్ని కాలాలలోనూ పోలి ఉండవలెనని నిబంధన. అన్ని కాలాలలోనూ అన్న ముక్క ఎవరో పూర్వపు అధికారి వినసొంపు కోసం చేర్చాడు. వినసొంపుగానే ఉండేది, అప్పటిదాకా.

బల్ల చేసింది రుద్రాచారి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ టేకు మీదే బతికినవాడు. చెర్రీ మీద చిత్రిక పెట్టి ఒక తోపు తోసి, "ఇది చెక్కనా సార్, వెన్నపూసనా?" అని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళిలోనే అంచు తీసే యంత్రాన్ని ఒకచోట ఆనించి బీడీ వెలిగించుకున్నాడు. టేకు అయితే ఓర్చుకునేది. చెర్రీ చురుక్కున కాలి, మూల నల్లబడింది. రుద్రాచారి ఏమాత్రం తొణకలేదు. మిగతా మూడు మూలలూ అదే కొలతకు కాల్చి, ఇది కొత్త డిజైను అన్నాడు. అహోబలరావు గారు ఆ నాలుగు మచ్చలనూ నిమిరి, విదేశంలో ఇంత సూక్ష్మమైన పనితనం చూడలేదన్నారు.

బల్లను సమావేశ మందిరంలో దక్షిణపు కిటికీల పక్కన వేశారు. దాని మీద మొదటి సంతకం చయనులు బదిలీ ఫైలు మీదే కావాలని ప్యూను ఓబులేసు ముచ్చటపడి, ఆ ఫైలును తెచ్చి సంచాలకుల ఎడమచేతి వైపు పెట్టాడు. అహోబలరావు గారు కలం మూత తీశారు. చయనులు గుండె అమలాపురం దాటి రాజోలు సెంటర్లో దిగింది. ఆయన గడియారం చూసి మూత పెట్టేశారు.

"రాహుకాలం. ఫైలు ఇక్కడే ఉండనివ్వండి. మంచి ఘడియ చూసి చేద్దాం."

సంచాలకుల ముందు పెట్టిన ఫైలును సంచాలకులు తప్ప మరొకరు కదపకూడదన్నది ఆ కార్యాలయపు ఆనవాయితీ. ఓబులేసు రోజూ బల్ల తుడిచేటప్పుడు ఫైలు చుట్టూ ప్రదక్షిణంగా గుడ్డ తిప్పేవాడు. చయనులు ఎప్పుడు అడిగినా అహోబలరావు గారు, "మీ ఫైలు నా దృష్టిలో ఉంది," అనేవారు. అందులో అబద్ధం లేదు. అది ఆయన కళ్లెదుటే పడి ఉంది.

ఎండాకాలం వచ్చింది. పెన్నగడ్డ ఎండ చేతనైనంత పని చేసింది. బల్ల ముందు తేనె రంగు, తర్వాత తేనెలో కుంకుమ కలిపిన రంగు, ఆ తర్వాత అచ్చంగా పాకం బెల్లం రంగు తిరిగింది. చారలు లోపల దీపం పెట్టినట్టు మెరిశాయి. పక్క శాఖలవాళ్లు భోజనాల వేళ వచ్చి చూసి వెళ్లేవారు. చయనులు కూడా చూసుకుని మురిసేవాడు. చెప్పినవన్నీ చెప్పినట్టు జరుగుతున్న వస్తువు ఆ కార్యాలయం మొత్తంలో అదొక్కటే.

అప్పుడు ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీకి సత్యవేణి గారు వచ్చారు.

ఆమె మనిషి శాంతంగా ఉంటారు. చక్కెర లేని టీ తాగుతారు. బల్ల చాలా బాగుందని మెచ్చుకుని, ముద్రిత నమూనా తెప్పించమన్నారు. బీరువా తెరిచి, సాక్షుల సమక్షంలో లక్క పగలగొట్టి, నల్లగుడ్డ విప్పారు. లోపల ముక్క నిన్న కోసినట్టు లేత జామ రంగులో ఉంది. దాన్ని తీసి బెల్లం రంగు బల్ల మీద పెట్టారు.

"ఇది వేరే చెక్క," అన్నారు సత్యవేణి గారు.

"ఒకే దుంగండి! నేనే దగ్గరుండి కోయించాను," అన్నాడు చయనులు. "వెలుతురుకి రంగు మారుతుందండి. తీర్మానంలో కూడా రాశాం."

ఆమె తీర్మానం చదివారు. "బల్ల రంగు మారుతుందని ఉంది. నమూనా రంగు మారుతుందని ఎక్కడుంది? నమూనా మారలేదు కదా. బల్ల అన్ని కాలాలలోనూ నమూనాను పోలి ఉండాలి కదా." ఆమోదిత దారువునకు బదులుగా అన్య దారువు సరఫరా అయినట్లు ప్రథమ దృష్ట్యా గోచరించుచున్నదనీ, బాధ్యులను గుర్తించవలసిందనీ రాసి, నమూనాకు మళ్లీ గుడ్డ చుట్టించి, ముద్ర వేయించి, ఆమె వెళ్లిపోయారు.

బాధ్యులను గుర్తించడం ఎంతసేపు? పలకలు ఏరింది ఎవరో అందరికీ తెలుసు. చయనులుకు సంజాయిషీ నోటీసు వచ్చింది. వచ్చే తనిఖీలోగా అభ్యంతరం తొలగకపోతే సస్పెన్షను. అభ్యంతరం తలమీద ఉన్నవాడికి బదిలీ ఎలాగూ కుదరదని అడుగున ఒక వాక్యం కలిపారు.

చయనులు సంచాలకుల గదికి పరిగెత్తాడు. "అయ్యా, చిన్న పని. ఆ నమూనా ముక్కని మేడ మీద ఎండలో పెట్టండి. కొన్నాళ్లకి అదీ బల్ల రంగే తిరుగుతుంది. గొడవ తీరిపోతుంది."

అహోబలరావు గారు కుర్చీలోంచి లేచారు. "చయనులు గారూ, నమూనా అంటే ఏమిటి? సత్యం. సత్యాన్ని ఎండబెట్టమంటారా?"

చయనులు తల దించుకున్నాడు.

"లోపం బల్లది. నమూనాకు మనం చీకటి సమకూర్చాం, అది మాట నిలబెట్టుకుంది. బల్లకు ఆ సౌకర్యం కల్పించలేదు. సమాన అవకాశం ఇచ్చి చూద్దాం. చీకట్లో ఉంచితే తన తప్పు తెలుసుకుని వెనక్కి రావచ్చు."

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. సమావేశ మందిరంలోకి సూర్యరశ్మి ప్రవేశం రద్దు చేయడమైనది. విద్యుద్దీపములు కూడా వెలుతురు కోవకే చెందును గనుక అవియును నిషిద్ధము. కిటికీలకు, నమూనాకు చుట్టిన రకం నల్లగుడ్డే తెరలుగా కట్టారు. ఓబులేసును వెలుతురు పర్యవేక్షకుడిగా నియమించారు. అతను తలుపు దగ్గర స్టూలు వేసుకుని, లోపలికి వెళ్లేవాళ్ల జేబులు తడిమి అగ్గిపెట్టెలు తీసుకునేవాడు. తెల్లచొక్కా తళతళలాడుతోందని లెక్కల విభాగం పెద్దాయన్ని ఒకరోజు వెనక్కి పంపేశాడు.

పనులు మాత్రం ఆగలేదు. సమావేశాలు చీకట్లోనే జరిగాయి, మునుపటికంటే తొందరగా ముగిశాయి కూడా. ఎవరు నిద్రపోతున్నారో కనబడకపోవడంతో అందరూ సుఖంగా నిద్రపోయారు. సోమవారం అర్జీల దినం కూడా అక్కడే పెట్టారు. అంగన్‌వాడీకి కుర్చీలు కావాలని అడగడానికి వచ్చిన ఒక పెద్దావిడ, అధికారి అనుకుని పక్కన నిలబడ్డ మరో అర్జీదారు చేతికి తన అర్జీ ఇచ్చింది. అతను ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విని, చాలా బాధపడి, నా చేతనైంది తప్పకుండా చేస్తానమ్మా అన్నాడు. ఇన్నేళ్లలో ఆ ఆఫీసులో తన గోడు అంత మర్యాదగా విన్నవాడు లేడని ఆవిడ ఊరంతా చెప్పింది. పై సోమవారం అర్జీదారుల రద్దీ పెరిగింది. అహోబలరావు గారు దాన్ని చీకటి పరిపాలన సాధించిన విజయంగా పైవారికి రాశారు.

బల్ల ఒక్కటే సహకరించలేదు. ఎంత చీకట్లో ఉంచినా అది బెల్లం రంగు వదల్లేదు.

"ఏమండీ, ఏమైంది మన సంగతి?" అని రాజోలు నుంచి హైమ ఫోను.

"బల్ల ఇంకా తెల్లబడలేదే," అన్నాడు చయనులు.

"బల్ల తెల్లబడ్డానికీ మీరు ఇంటికి రావడానికీ ఏంటండీ సంబంధం?"

చయనులు చెప్పడానికి ప్రయత్నించాడు. సగం చెప్పేసరికి అది వినడానికి ఎలా ఉందో తనకే తెలిసి ఆపేశాడు. హైమ, "అన్నం సరిగ్గా తింటున్నారా?" అని మాత్రం అడిగింది. ఆ మాటకు ఆయనకు దుఃఖం ముంచుకొచ్చింది.

రెండో తనిఖీకి సత్యవేణి గారు రానే వచ్చారు. అహోబలరావు గారి ఏర్పాటు అద్భుతంగా ఉంది. తనిఖీ చీకట్లోనే జరపాలని ఆయన ఉద్దేశం. గాఢాంధకారంలో బల్లనూ నమూనానూ పక్కపక్కన పెట్టి, "చూడండి మేడమ్, ఏమైనా తేడా కనబడుతోందా?" అన్నారు.

"ఏమీ కనబడట్లేదు," అన్నారామె.

"అదే మేం మనవి చేసేది."

ఆమె ఒక్క క్షణం ఆలోచించారు. ఆలోచించారన్నదే చయనులుకు ఆశ్చర్యం. చివరికి, నివేదిక మీద సంతకం పెట్టడానికైనా వెలుతురు కావాలన్నారు. గత్యంతరం లేక ఓబులేసు తెర పక్కకు లాగాడు. ఎండ భళ్లున లోపలికి పడింది. బల్ల మునుపటిలాగే నిండు బెల్లం రంగులో, దాని మీద ఒక మూల నమూనా ముక్క లేతగా, అమాయకంగా, చయనులు వంక వేలెత్తి చూపుతున్నట్టు ఉన్నాయి.

సత్యవేణి గారు కలం తీశారు.

చయనులుకు ఏమైందో ఆయనకే తెలియదు. పుట్టాక ఎవరి మీదా గొంతెత్తని మనిషి బల్ల దగ్గరికి దూసుకెళ్లాడు. "సస్పెండ్ చేసుకోండి! ఏం కావాలంటే అది చేసుకోండి! నా బదిలీ ఫైలు నాకిచ్చేయండి. దీన్ని ఇక్కడ ఉంచి నన్ను ఊరించొద్దు!" అని, ఆనవాయితీ గీనవాయితీ చూడకుండా సంచాలకుల ముందున్న ఫైలును రెండు చేతులతో లాక్కున్నాడు.

ఓబులేసు "అయ్యో సార్!" అని కేకేశాడు. తర్వాత అతని చూపు బల్ల మీద నిలిచిపోయింది. అందరి చూపూ అక్కడే నిలిచిపోయింది.

ఫైలు ఉన్న చోట, ఫైలంత మేర, తిన్నని అంచులతో, లేత జామపండు రంగు.

చెర్రీ చెక్క మీద ఏ వస్తువు కదలకుండా ఉంటే దాని కింద చెక్క రంగు తిరగదని చయనులు చదివాడు. చదివినవాడే మరిచిపోయాడు. గబగబా నమూనా ముక్క తీసి ఆ లేత గడిలో పెట్టాడు. రంగు కలిసింది. అటూ ఇటూ జరిపితే చారలు కూడా కలిశాయి, ఒకే దుంగ బిడ్డలు మరి. సత్యవేణి గారు వంగి చూసి, వేలితో తడిమి చూసి, కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఒకే చెక్క," అన్నారు. అభ్యంతరం ఉపసంహరించడమైనది అని రాసి సంతకం చేశారు.

చయనులు ఫైలును గుండెకు హత్తుకుని సంచాలకుల వైపు తిరిగాడు. "అయ్యా, నా మీద ఇంకేం లేదు. ఈ ఒక్క సంతకం..."

అహోబలరావు గారు ఆయన మాట వినడం లేదు. కన్నార్పకుండా ఆ లేత గడి వంక చూస్తున్నారు. విదేశంలో కాఫీ తాగినప్పటి వెలుగు ఆయన ముఖంలోకి తిరిగొచ్చింది.

"చయనులు గారూ," అన్నారు మెల్లగా, "మీ ఫైలు ఎత్తి ఎంతసేపైంది?"

"ఇప్పుడేనండి."

"కిటికీ తెరిచి ఉంది. పెట్టేయండి. ముందు దాన్ని యథాస్థానంలో పెట్టేయండి!"

ఆ వారమే కొత్త విధానం అమల్లోకి వచ్చింది. రుద్రాచారిని పిలిపించి బల్ల పైపొర చిత్రిక పట్టించారు. లోపలి చెక్క కోసిన నాటి రంగులో బయటపడింది. అతను మూలల్లోని డిజైను కూడా చెరిగిపోతుందని బాధపడి, నాలుగూ మళ్లీ కాల్చిపెట్టాడు. ఇక ఆ రంగు శాశ్వతంగా నిలవాలంటే బల్లను పూర్తిగా ఫైళ్లతో కప్పాలి. ఫైలు కదిలితే వెలుతురు తగులుతుంది, వెలుతురు తగిలితే ప్రభుత్వ ఆస్తికి నష్టం వాటిల్లుతుంది. కాబట్టి ఫైళ్లను కదపడం శిక్షార్హమైన నేరం. కిటికీల నల్లతెరలు కూడా యథాతథంగా ఉంటాయి.

ఫైళ్లను ఎంపిక చేసే బాధ్యత కూడా చయనులుకే అప్పగించారు. పలకలు అంత బాగా ఏరినవాడు కదా.

విభాగాలన్నీ పోటీలు పడ్డాయి. లెక్కల విభాగం పెద్దాయన ఒక ఫైలును పసిబిడ్డలా ఎత్తుకొచ్చి, తను ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఇది అంగుళం కదల్లేదని ప్రమాణం చేశాడు. భవనాల విభాగం వాళ్లు, మా ఫైలుకు అడుగున చెదలు పట్టి బీరువాకే అతుక్కుపోయింది, ఇంతకంటే స్థిరమైనది దొరకదన్నారు. చయనులు ఒక్కోదాన్నీ తిప్పి చూశాడు. అంచులు వంకరపోయినవి పక్కన పెట్టాడు. మంత్రిగారి సిఫార్సు చీటీ ఉన్నవి ఎప్పుడైనా లేచిపోయే ప్రమాదం ఉందని తిరస్కరించాడు. రోడ్డు, నీళ్లు, బడి అని పేరున్నవి నమ్మకంగా ఉంటాయని ఏరాడు. తను ఏం చేస్తున్నాడో తెలిసి ఆయనకు చాలా సిగ్గేసింది, అయినా చేతులు అలవాటు కొద్దీ అంచుకు అంచు కలిపి పరిచేశాయి.

నడిమధ్య స్థానం చయనులు బదిలీ ఫైలుకు ఇచ్చారు.

"దానికి అనుభవం ఉంది," అన్నారు అహోబలరావు గారు. "మిగతావి కదలవని నమ్ముతున్నాం. ఇది కదలదని రుజువైంది. నేను సంతకం చేశాననుకోండి, అది పరిష్కృత ఫైలు అయిపోతుంది. బల్ల మీద ఉండే అర్హత కోల్పోతుంది. ఈ కార్యాలయం పరువు నిలబెట్టిన ఫైలుకు అంత అన్యాయం నేను చేయలేను." గణతంత్ర దినోత్సవం నాడు ఆ ఫైలుకు ప్రశంసాపత్రం ప్రకటించారు. ఫైలు లేచి వచ్చి అందుకోలేదు కాబట్టి దాని తరఫున చయనులు అందుకున్నాడు.

ఈ సంగతంతా ఫోనులో విన్న హైమ మొదట నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత ముక్కు చీది గట్టిగా చెప్పింది.

"మీరిక్కడికి రాలేరని తేలిపోయిందిగా. సరే, నేనే వస్తాను. అక్కడికి బదిలీ కావాలని నేను పెడతాను. ఎండైతే ఎండే. మీ సంచాలకులు గారు చేర్చుకుంటానని ఒక్క మాట రాస్తే చాలట, మా వాళ్లు పంపేస్తారట."

చయనులుకు ఆ ఆలోచన ఇన్నాళ్లూ ఎందుకు రాలేదా అనిపించింది. ఆ రోజు నుంచి ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. తూర్పు గుమ్మం, కొంచెం నీడ, కుండీల్లో మల్లె పెంచుకోవడానికి చోటు ఉన్న రెండు గదుల వాటా ఒకటి చూసి, యజమానితో మాట కూడా అనుకున్నాడు. నీళ్లు పొద్దుట పూట మాత్రమే వస్తాయని హైమకు ఎలా చెప్పాలా అని సంతోషంగా దిగులుపడ్డాడు.

హైమ ఫైలు రాజోలు నుంచి అన్ని సంతకాలతో పెన్నగడ్డ చేరింది. ఆ రోజే బల్ల దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఒక ఊరి బడికి బల్లలు ఇవ్వాలన్న అర్జీ ఫైలు ఒకటి బల్ల మీద ఉండేది. ఎదురుచూసి ఎదురుచూసి ఆ ఊరివాళ్లు చందాలు వేసుకుని బల్లలు కొనుక్కున్నారట. అర్జీ వెనక్కి తీసుకుంటున్నామని రాసేసరికి ఆ ఫైలు తీసేయక తప్పలేదు. చయనులు ఫైలు పక్కనే ఖాళీ ఏర్పడింది. తలుపు తీసిన ప్రతిసారీ ఆ ఖాళీ మీద సన్నటి వెలుతురు పడి, అప్పుడే చెక్క తేనె రంగు తిరుగుతోందని ఓబులేసు లబోదిబోమన్నాడు.

చయనులు భార్య ఫైలుతో సంచాలకుల గదిలోకి వెళ్లేసరికి అహోబలరావు గారు, ఓబులేసు తెచ్చిన ఆ ఖాళీ కొలతలు చూస్తున్నారు. ఫైలు అందుకున్నారు. పేరు చూశారు. మందం చూశారు. నిలువూ అడ్డమూ జేనతో కొలిచారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"భార్యాభర్తల బంధం ఎంత గొప్పదో ఇవాళ తెలిసింది," అన్నారు. "ఓబులేసూ, మందిరం తలుపు తియ్యి. చయనులు గారూ, ఇది మీ చేతుల మీదుగా జరగాలి."

చయనులు చీకట్లోకి నడిచాడు. తడుముకుంటూ తన ఫైలును పోల్చుకున్నాడు. ఆ పక్క ఖాళీలో హైమ ఫైలు పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. మధ్యలో వెలుతురు దూరకుండా కొంచెం దగ్గరికి జరపమని బయటినుంచి సంచాలకులు అన్నారు. జరిపాడు. రెండు ఫైళ్ల అట్టలూ ఒకదానికొకటి ఆనుకున్నాయి. ఆయన చెయ్యి తియ్యలేక అక్కడే ఉండిపోయాడు.

జేబులో ఫోను మోగింది. హైమ.

"ఏమండీ, నా ఫైలు చేరిందా?"

"చేరింది."

"ఎక్కడుంది?"

"నా పక్కనే ఉంది."

హైమకు అర్థమైంది. ఆవిడ కూడా ఆ శాఖలోనే పనిచేస్తోంది, విడమరిచి చెప్పనక్కర్లేదు.

"పోన్లెండి," అంది. "అవైనా..."

"సార్! సార్!" అంటూ ఓబులేసు గుమ్మంలోంచి అరిచాడు. "మీ ఫోను లైటు బల్ల మీద పడ్తాంది సార్! ఆర్పేయండి!"

చయనులు ఫోను ఆర్పేశాడు.